విశాఖ నుంచి విజయవాడ దాకా: ఎక్కడ తినాలి, ఏం కొనాలి?

గుడ్డసంచి:
ఫిబ్రవరి మొదటి వారంలో నేనూ మా ఆవిడా విశాఖలో కారు తీసి తాపీగా విజయవాడ చేరాలనుకుంటున్నాం. గుళ్లు చూసే ఉద్దేశం లేదు, బంధువుల ఇళ్లకు వెళ్లే ఉద్దేశం అంతకన్నా లేదు. తినాలి, కొనాలి, అంతే. హైదరాబాదులో మా వీధి చివర ఒక పెద్ద కొట్టు ఉంది. బెల్లం నుంచి పూతరేకుల దాకా అన్నీ ముచ్చటైన డబ్బాల్లో దొరుకుతాయి. డబ్బా మీద అమ్మమ్మ బొమ్మ కూడా ఉంటుంది. ఆ అమ్మమ్మ ఏ ఊరిదో, ఎప్పుడు చేసిందో మాత్రం ఎవరూ చెప్పరు. అందుకని ఈసారి తయారయ్యే ఊళ్లోనే, తయారయ్యే వేళకే వెళ్లి కొనాలని పట్టుదలగా ఉన్నాం.

స్టార్ హోటళ్లు వద్దు. టిఫిను బండ్లు, మెస్సులు, పాత కాఫీ హోటళ్లు చెప్పండి. మా ఆవిడ శాకాహారి, నాకు చేపలంటే ప్రాణం. దారిలో ఒక్క రైతు బజారైనా చూడాలి.

బీచిరోడ్డు:
రైతు బజారు విశాఖలోనే కానివ్వండి. ఎంవీపీ కాలనీలోది పెద్దది. ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు నుంచి రైతులు వస్తారు. తెల్లవారుతూనే వెళ్తే ఆకుకూరల మీద ఇంకా తడి ఆరి ఉండదు. మధ్యాహ్నం దాటాక వెళ్తే మిగిలిన సరుకు తిరిగి మోసుకుపోలేక తగ్గించి ఇస్తారు గానీ అప్పటికి వంకాయలు వాడిపోతాయి.

లోపలికి వెళ్లగానే ధరల బోర్డు చూడండి. 1999 జనవరి 26న రైతు బజార్లు మొదలైనప్పటి లెక్క ఇప్పటికీ అదే: టోకు ధర కన్నా రైతుకు కాస్త ఎక్కువ రావాలి, బయటి చిల్లర ధర కన్నా మనకు తక్కువ పడాలి. బోర్డు తర్వాత చూడాల్సింది కుప్ప. ఒక ముసలాయన ముందు గోంగూర, ముల్లంగి, రెండు రకాల వంకాయలు మాత్రమే ఉన్నాయనుకోండి, అక్కడ ఆగండి. క్యారెట్టు, బీట్‌రూట్, క్యాప్సికం, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు అన్నీ వరుసగా పేర్చి ఉంటే అవన్నీ ఒకే చేలో పండినవి కావని వేరే చెప్పాలా? అక్కడ కూర్చున్నది దళారి.

పద్దుపుస్తకం:
బీచిరోడ్డు గారూ, ఆ చివరి మాట దగ్గర కాస్త ఆగండి. నేను ఉద్యోగరీత్యా ఈ బజార్లను చాలాకాలం దగ్గరగా చూశాను. స్థానికంగా పండని ఉల్లి, బంగాళాదుంప లాంటివి అమ్మడానికి మహిళా స్వయం సహాయక సంఘాలకు విడిగా స్టాళ్లు ఇస్తారు. అది నిబంధనల ప్రకారమే. వాళ్లను దళారులనకండి. రైతులకైతే గుర్తింపు కార్డు ఉంటుంది, స్టాలుకు అద్దె తీసుకోరు. కార్డు ఒకరిది, కూర్చునేది వేరొకరు అనే ఫిర్యాదు నిజమే, అది మొదటి నుంచీ ఉన్న జబ్బే. కార్డు చూపించమని మీరు అడగవచ్చు. కానీ పావుకిలో బెండకాయలు కొంటూ తనిఖీ అధికారి వేషం వేయడం ఎందుకు?

బీచిరోడ్డు:
సంఘాల సంగతి ఒప్పుకుంటాను. కానీ క్యాప్సికం పేర్చి పెట్టుకున్న వాళ్లందరూ సంఘాల వాళ్లే అంటే నేను నమ్మను. గుడ్డసంచి గారూ, మా మాటల్లో పడి టిఫిను మరిచిపోకండి. బజారు చుట్టుపక్కల పొద్దున్నే బండ్లు ఉంటాయి. ఇడ్లీ, అల్లం పచ్చడి చాలు. అట్ల కోసం పొట్టలో చోటు ఉంచుకోండి, ముందున్నది గోదావరి.

అనకాపల్లి అల్లుడు:
అందరూ గోదావరి అంటూ మా ఊరిని దాటించేస్తున్నారు. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో అనకాపల్లి ఒకటి. ఫిబ్రవరి అంటే నడి సీజను. మార్కెట్‌లో దిమ్మలు వరుసగా పెట్టి రంగును బట్టి, గట్టిదనాన్ని బట్టి వేలం పాడుతుంటే చూడటానికే బాగుంటుంది. అయితే అక్కడ కొనేది వ్యాపారులు, మీకు కావలసింది రెండు మూడు కిలోలు. మునగపాక, కశింకోట వైపు పొలాల్లోకి వెళ్తే గానుగలు ఆడుతూ ఉంటాయి. పెనం దించే వేళకు వెళ్లండి. వాసనే దారి చూపిస్తుంది. ఒక గ్లాసు చెరకు రసం ఇచ్చి కూర్చోబెడతారు, బెల్లం ఆ తర్వాత.

రంగు విషయం గట్టిగా చెబుతున్నాను. మెరిసే పసుపుపచ్చ బెల్లం జోలికి వెళ్లకండి. ఆ రంగు చెరకుది కాదు, రసం మరిగేటప్పుడు వేసే హైడ్రోస్‌ది. సోడియం హైడ్రోసల్ఫైట్ అనే రసాయనాన్ని అక్కడ ఆ పేరుతోనే పిలుస్తారు. మెరుస్తూ ఉంటేనే జనం కొంటున్నారు కాబట్టి వేస్తున్నాం అంటారు రైతులు, అందులో అబద్ధమేమీ లేదు. మందు లేని దిమ్మ ముదురు గోధుమ రంగులో, కొన్నిసార్లు నల్లగా కూడా ఉంటుంది. చిన్న ముక్క నోట్లో వేసుకోండి. ఉప్పగా తగిలితే వదిలేయండి.

వీలుంటే చోడవరం మీదుగా మాడుగుల వెళ్లి హల్వా తెచ్చుకోండి. హైవే నుంచి బాగా లోపలికి వెళ్లాలి. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, ఆ పాలతో చేసే హల్వా అది. నెయ్యి, జీడిపప్పు సరేసరి. నూరేళ్లు దాటిన సరుకు.

దిబ్బరొట్టె:
సరే, ఇక మా వంతు.

తుని దాటాక తొండంగి మండలంలో పెరుమాళ్లపురం అని ఒక పల్లె ఉంది. అక్కడ బెల్లం గారెలు చేస్తారు. పాకం గారెలనే పేరూ ఉంది. మినప గారెలు బెల్లం పాకంలో మునిగి తేలి పైన మెరుస్తూ, లోపల మెత్తగా ఉంటాయి. అన్నవరం ప్రసాదం గురించి చెప్పనవసరం లేదు. గోధుమ నూకతో చేసి ఆకులో కట్టి ఇస్తారు. గుడికి వెళ్లే ఉద్దేశం లేదన్నారు గానీ ప్రసాదానికి ఆ నియమం వర్తించదని మీ ఆవిడగారు కూడా ఒప్పుకుంటారు.

తర్వాత కాకినాడ. మధ్యాహ్నం భోజనం సుబ్బయ్య హోటల్లో. శాకాహారం, ఆకు నిండా కూరలు, పులిహోర, పచ్చళ్లు, పొడులు, గడ్డ పెరుగు. ఆదివారం వెళ్తే వరుసలో నిలబడక తప్పదు. కోటయ్య కాజా అక్కడే. ఆ కొట్టు 1891 నాటిదని చెబుతారు. గొట్టం కాజా లోపల బోలుగా ఉండి పాకం నిండి ఉంటుంది. మొదటిసారి కొరికేవాళ్లు చొక్కా మీద పోసుకోవడం ఖాయం. నిలబడి, కాస్త ముందుకు వంగి తినాలి.

తాపేశ్వరం కాజా వేరు. అది మడత కాజా, పొరలు పొరలుగా విడుతుంది, పైన గుల్లగా ఉంటుంది. ఈ రెండింట్లో ఏది గొప్పదని అడిగితే మా ఇంట్లో తగవులవుతాయి. నా ఓటు గొట్టానికే. మడత కాజా ప్రయాణానికి మంచిది, గొట్టం కాజా ప్రాణానికి మంచిది. హైవే పక్కన ప్రతి కొట్టుకూ 'అసలైన తాపేశ్వరం' అనే బోర్డు ఉంటుంది. ఊళ్లోకి వెళ్లి కొనండి. మండపేట పక్కనే, అంత దూరమేమీ కాదు.

ఇక నా పేరుకు కారణమైన దిబ్బరొట్టె. మినప్పిండిలో బియ్యపు నూక కలిపి, మందపాటి ఇనప మూకుట్లో పోసి, కింద నిప్పులు, మూత మీద నిప్పులు వేసి కాలుస్తారు. అడుగు ఎర్రగా కరకరలాడాలి, నడుమ దూదిలా ఉండాలి. చెరకు పానకంతో తింటే ఇంకేం అక్కర్లేదు. పాలకొల్లు, భీమవరం వైపు సాయంత్రాలు వేస్తారు. గ్యాసు పొయ్యి మీద పెనం పెట్టి వేసిన దాన్ని దిబ్బరొట్టె అని అమ్మితే మాత్రం తినకండి.

మెరకవీధి:
గొట్టానికి ఓటా? కాకినాడ వాళ్ల అభిమానం కాజాను కూడా వదలదు. మడత కాజాను నాలుగు రోజుల తర్వాత కూడా తినవచ్చు. గొట్టం మర్నాటికే మెత్తబడి ఊరుకుంటుంది.

దిబ్బరొట్టె:
మర్నాటి దాకా ఉంచడం మీ తప్పు.

నేతిగిన్నె:
పూతరేకుల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. మా మేనత్తది ఆత్రేయపురం. రాజమహేంద్రవరం నుంచి ధవళేశ్వరం వచ్చి, బ్యారేజీ దాటి, బొబ్బర్లంక మీదుగా వెళ్లాలి. ఆ దారే సగం ఆనందం. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అప్పటి నుంచి కొట్లు ఇంకా పెరిగాయి.

కొట్లో కొనేముందు రేకు తీసే ఇల్లు ఒకటి చూడండి. అడిగితే కాదనరు. కుండను బోర్లించి కింద కొబ్బరి మట్టలతో మంట పెడతారు. బియ్యం పిండిని పల్చగా పాలలా కలిపి, అందులో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్కసారి అలా లాగుతారు. రెప్పపాటులో కాగితం కన్నా పల్చటి రేకు వచ్చేస్తుంది. మంట కాస్త ఎక్కువైతే మాడుతుంది, తక్కువైతే అంటుకుంటుంది. ఆ వేడి ముందు గంటల తరబడి కూర్చునేది ఆడవాళ్లే. డబ్బా మీద ధర చూసి బేరమాడాలనిపించినప్పుడు ఆ కుండ గుర్తు తెచ్చుకోండి.

కొనేటప్పుడు రెండు సంగతులు చూడండి. ఒకటి నెయ్యి. డబ్బా తెరవగానే వాసన రావాలి. రాకపోతే అది డాల్డాయో, నూనెయో. రెండోది లోపలి పొడి. పంచదార రకం పిల్లలకు నచ్చుతుంది, పెద్దవాళ్లకు బెల్లం రకం. జీడిపప్పు, బాదం, పిస్తా, చాక్లెట్ అంటూ ఇప్పుడు ఎన్నో రకాలు వచ్చాయి. చాక్లెట్ పూతరేకు మీద నా అభిప్రాయం ఇక్కడ రాయను, మోడరేటరు తీసేస్తారు. నేనైతే ఖాళీ రేకులు కొని తెచ్చుకుంటాను. ఇంట్లో వెన్న కాచిన నెయ్యి, అనకాపల్లి అల్లుడు గారు చెప్పిన నల్ల బెల్లం తురుము, కాస్త యాలకుల పొడి. రేకు మీద పాలు చిలకరించి మెత్తబడగానే మడవాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే చినిగిపోతుంది.

గుడ్డసంచి:
ఖాళీ రేకులు విడిగా అమ్ముతారని తెలియనే తెలియదు. మా ఆవిడ అప్పుడే జాబితాలో రాసుకుంది. చేపల సంగతి ఎవరూ ఎత్తడం లేదేమిటి? పులస?

లంకగాలి:
ఫిబ్రవరిలో ఎవరైనా పులస అని వడ్డిస్తే డబ్బులివ్వకుండా లేచి రండి. సముద్రంలోని ఇలస వరదనీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాకే పులస అవుతుంది. అది జూలై, ఆగస్టు, సెప్టెంబరు మాట. మిగతా కాలంలో ఐసులో వచ్చిన ఇలసకు చింతపండు, బెండకాయ వేసి, పేరు మార్చి అమ్ముతారు. యానాం వైపు వెళ్తే ఆ రోజు పడిన చేప ఏదో అడగండి. పీతలు, రొయ్యలు, కొరమీను, ఏది దొరికితే అది. చేపల పులుసు పొద్దున వండింది రాత్రికి తింటేనే రుచి. కాబట్టి మెస్సులో నిన్నటి పులుసు ఉందా అని అడగడానికి సిగ్గుపడకండి.

కోనసీమలోకి వస్తే అంబాజీపేట పొట్టిక్కలు వదలకండి. పనసాకులు బుట్టలా కుట్టి అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు వాసన పిండికి పడుతుంది. కొబ్బరి పచ్చడి తోడు. ఊరు చుట్టూ కొబ్బరి తోటలే కాబట్టి పచ్చడికి లోటుండదు. పొద్దున్నే వెళ్లాలి, ఎండెక్కితే అయిపోతాయి.

పనసపొట్టు:
ఫిబ్రవరి అంటే లేత పనసకాయలు మొదలయ్యే రోజులు. రాజమహేంద్రవరం మార్కెట్‌లో కాయ కొంటే అక్కడే కత్తితో టకటకా పొట్టు కొట్టి ఇస్తారు. ఆ చేతి వేగం చూస్తూ నిలబడిపోవచ్చు. ఆవ పెట్టి వండితే పెళ్లిభోజనమే. అయితే అదే రోజు వండాలి, లేకపోతే నల్లబడుతుంది. హైదరాబాదు దాకా మోయాలనుకుంటే కాయనే కొనుక్కోండి. తేగలు కూడా ఆఖరి రోజుల్లో దొరుకుతాయి. కాల్చినవైతే అక్కడికక్కడే తినేయండి. రోజ్ మిల్క్ సంగతి రాజమహేంద్రవరంలో ఎవరిని అడిగినా చెబుతారు.

పచారీ:
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. గుడ్డసంచి గారు మొదట్లో దెప్పిన పెద్ద కొట్టు లాంటిదే నేను హైదరాబాదులో నడుపుతున్నాను. (మీ వీధి చివరిది మాత్రం నాది కాదు.) ఒక్క మాట అడుగుతాను. పల్లెలో కొన్న గారెల మీద తయారీ తేదీ ఎవరు రాస్తారు? నెయ్యి మంచిదో కాదో వాసన చూసి చెప్పగలిగేవాళ్లు మీలో ఎందరు? నా దగ్గర ప్రతి పొట్లం మీద 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు ఉంటుంది, తేదీ ఉంటుంది, పాడైతే తెచ్చి నా ముందు పెట్టే హక్కు ఉంటుంది. ధర ఎక్కువే. ఎందుకంటే నల్ల బెల్లం పది దిమ్మలు తెస్తే ఆరు అమ్ముడుపోతాయి, మిగతావి వానకాలంలో చెమ్మగిల్లి కారిపోతాయి. ఆ నష్టం కూడా ధరలోకి రావాలి కదా. రైతు దగ్గర కొన్న ధరకే నేనూ అమ్మాలంటే కొట్టు మూసుకోవాలి.

బీచిరోడ్డు:
పచారీ గారూ, ధర గురించి కాదు మా బాధ. ఎవరు పండించారో, ఎక్కడ చేశారో రాయకుండా బొమ్మలు వేయడం గురించి. మీరు ఊరి పేరు రాస్తారా?

పచారీ:
రాస్తాను. ఊరి పేరు, తయారైన వారం, అన్నీ. కానీ పక్క కొట్టు వాళ్లు అమ్మమ్మ బొమ్మ వేస్తే అటే వెళ్తారు జనం. కొనేవాళ్లకు కావలసింది సమాచారమా, బొమ్మా అన్నది మీరే తేల్చండి.

ఇంకొకటి, కాఫీ. విశాఖలో ఎలాగూ ఉంటారు కాబట్టి గిరిజన సహకార సంస్థ దుకాణంలో అరకు కాఫీ కొనండి. 1956 నుంచి ఉన్న సంస్థ అది. తేనె, చింతపండు, కుంకుడుకాయలు కూడా అక్కడ మంచివి. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పొట్లం వెనక చదవండి. చికోరీ కలిపితే ఎంత శాతమో రాసి ఉంటుంది. ఫిల్టరు కాఫీకి కాస్త చికోరీ ఉంటే నాకు అభ్యంతరం లేదు. స్వచ్ఛమైన కాఫీ అనుకుని కొని, తర్వాత వెనక వైపు చదివి బాధపడేవాళ్లను చూస్తుంటాను.

డల్లాస్ తెలుగు:
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా అమ్మ మార్చిలో వస్తోంది. ఈ జాబితాలో ఏవి తేవచ్చు? ఇక్కడ శనివారాలు రైతుల సంతకు వెళ్తాను. పీచ్‌లు, తేనె, టమాటాలు బాగుంటాయి, పండించినవాళ్లే అమ్ముతారు. కానీ గోంగూర కోసం మళ్లీ ఇండియన్ దుకాణానికే పరుగు.

నేతిగిన్నె:
మడత కాజాలు, పూతరేకులు, బెల్లం, పొడులు తేవచ్చు. మాంసం పచ్చళ్లు, పచ్చి కూరగాయలు, పండ్లు పెట్టవద్దని అమ్మగారికి గట్టిగా చెప్పండి. కస్టమ్స్ వాళ్లకు తినుబండారాలు ఉన్నాయని చెప్పమనండి. చెబితే మహా అయితే పెట్టె తెరిచి చూస్తారు, దాస్తే జరిమానా. పూతరేకులు చేతిసంచిలోనే ఉండాలి. పెట్టెలో వేస్తే పొడి తింటారు మీరు.

కృష్ణలంక:
విజయవాడ దాకా వచ్చాక ఎవరూ పట్టించుకోరేమిటి? గాంధీనగర్‌లో బాబాయి హోటల్ 1942 నుంచి ఉంది. ఇడ్లీ మీద వెన్న వేసి ఇస్తారు, పక్కన అల్లం పచ్చడి, కారప్పొడి. ఆ తర్వాత ఎక్కడైనా పెసరట్టు ఉప్మా తినండి. ఉప్మాను అట్టు లోపల పెట్టి మడిచి ఇవ్వాలి. పక్కన విడిగా పెట్టే చోటికి రెండోసారి వెళ్లను. ఓపిక ఉంటే బందరు వెళ్లి తొక్కుడు లడ్డు తెచ్చుకోండి. శనగపిండి జంతికలు వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకం, నెయ్యి పోసి మళ్లీ దంచుతారు. 2017లోనే దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. నోట్లో వేసుకుంటే నమలనక్కర్లేదు.

గుడ్డసంచి:
వెళ్లి వచ్చాం. అన్నీ కుదరలేదు. మాడుగుల, బందరు వదిలేశాం.

ఎంవీపీ కాలనీలో ఒకామె తోటకూర కట్టలు అమ్ముతూ, మాకు వండే వీలు లేదని చెప్పినా వినకుండా ఎలా వండాలో చెప్పింది. ఆమె ముందు తోటకూర, పాలకూర తప్ప ఇంకేమీ లేవు, బీచిరోడ్డు గారి కుప్ప సూత్రం నిలబడింది. మునగపాక దగ్గర గానుగలో పెనం దించుతుంటే నిలబడ్డాం. వేడి బెల్లాన్ని ఆకు మీద వేసి ఇచ్చారు. మా ఆవిడ ఆ రుచి గురించి ఇప్పటికీ మాట్లాడుతోంది. పెరుమాళ్లపురం గారెలు నాకు మరీ తీపి, ఆమెకు నచ్చాయి. కాజాల తగవులో నేను మెరకవీధి గారి పక్షం, మా ఆవిడ గొట్టం పక్షం. చొక్కాకు మరక పడింది నాకే.

హైవే మీద ఒక కొట్లో టీ కోసం ఆగి పూతరేకులు రుచి చూశాం. నెయ్యి వాసనే లేదు, పొడి మాత్రం బరువుగా ఉంది. ఆత్రేయపురంలో కుండ ముందు కూర్చున్నావిడ దగ్గర తిన్నాక ఆ డబ్బా మళ్లీ తెరవలేదు. పొట్టిక్కలకు ఆలస్యంగా వెళ్లాం, అయిపోయాయి. యానాంలో పీతల ఇగురు తిన్నాను. పచారీ గారి మాట విని కాఫీ పొట్లం వెనక చదివి మరీ కొన్నాం.

ఇప్పుడు సమస్య ఏమిటంటే, ఆశకొద్దీ నల్ల బెల్లం పెద్ద దిమ్మ తెచ్చాం. ఎలా నిలవ చేయాలి? ఫ్రిజ్‌లో పెట్టవచ్చా?

పచారీ:
ఇప్పుడు తెలిసిందా నా బాధ?

అనకాపల్లి అల్లుడు:
ఫ్రిజ్ వద్దు, బయటికి తీయగానే చెమ్మ పట్టి జిగురవుతుంది. ఎండ బాగా ఉన్న రోజు చూసి పగలగొట్టి, పొడి గాజు సీసాల్లో గాలి చొరకుండా మూతపెట్టి చీకటిగా ఉన్న అరలో ఉంచండి. వాడకానికి చిన్న సీసా వేరుగా పెట్టుకోండి, పెద్దదాన్ని మాటిమాటికీ తెరవవద్దు. తడి చెంచా పెడితే అంతే సంగతులు. తొలకరి పడే లోపు వీలైనంత వాడేయండి. మిగిలితే పాకం పట్టి, వడకట్టి, సీసాలో పోసుకోండి, దిబ్బరొట్టెలోకి పనికొస్తుంది.

దిబ్బరొట్టె:
నిప్పుల మీద వేస్తేనే.